సున్నా దూరం

తెలుగు చెప్పుకొని బతికేవాడికి లెక్కలతో పనేమిటని మీరు అడగవచ్చు. నేనూ ఇన్నేళ్ళూ ఆ ధైర్యంతోనే ఉన్నాను. కాని మొన్న శ్రావణమాసంలో ఒక లెక్క నన్ను వెతుక్కుంటూ వచ్చింది. వచ్చినది ఊరికే పోలేదు. నా మొహాన ఒక సున్నా చుట్టి మరీ పోయింది.

జరిగింది చిత్తగించండి. మాది పాలమూరు, అంటే మహబూబ్‌నగరు. ఉద్యోగం నల్లగొండలో. ఆవేళ క్లాసులో ‘ఆమడ’ అనే మాట వచ్చింది. ఆమడంటే నాలుగు క్రోసులని చెప్పాను. క్రోసంటే ఎంతని ఒకడు లేచాడు. సుమారు రెండు మైళ్ళన్నాను. అయితే ఆమడ ఎనిమిది మైళ్ళా అన్నాడు. కొందరు ఎనిమిదంటారు, కొందరు పదంటారు, నిఘంటువులు కూడా ఒక్క మాట మీద నిలబడవు అన్నాను. పిల్లలు నవ్వారు. నాకు రోషం వచ్చి, “ఒరే, మన పెద్దవాళ్ళు దూరాన్ని కాళ్ళతో కొలిచారు. కూతవేటు అన్నారు, రాయివేటు అన్నారు, పొద్దుగూకేలోగా చేరే దూరం అన్నారు. మనిషికీ మనిషికీ కాళ్ళు తేడా, గొంతు తేడా. అంచేత కొలతలోనూ తేడా ఉంటుంది” అని సర్దుకున్నాను.

వెనక బెంచీ మీద కూర్చునే ఒక పిల్లవాడు అప్పటికే సెల్‌ఫోను తీశాడు. “సార్, ఇందులో తేడా ఉండదు. ఏ రెండు ఊళ్ళ పేర్లు కొట్టినా విమానంలో ఎంత దూరమో, ఎంతసేపో నిమిషాలతో సహా చెబుతుంది. మీ ఊరు పాలమూరే కద సార్?” అని, నల్లగొండ, మహబూబ్‌నగర్ అని రెండు పేర్లూ కొట్టాడు. కొట్టి, కాసేపు దానివంక చూసి, నావంక చూసి, మెల్లిగా చదివాడు.

“నల్లగొండకు దగ్గరి విమానాశ్రయం హైదరాబాదు. మహబూబ్‌నగర్‌కు దగ్గరి విమానాశ్రయం హైదరాబాదు. రెంటికీ మధ్య విమాన దూరం సున్నా కిలోమీటర్లు. ప్రయాణ కాలం సున్నా నిమిషాలు.”

క్లాసు గొల్లుమంది. ఇంకొకడు అందుకొని, “సార్ రోజూ మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోయి రావచ్చు” అన్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాలుగు రోజులు కూడా నిలవలేదు.

ఆ సున్నా ఎందుకు వచ్చిందో చెప్పనక్కరలేదు. మా రెండు ఊళ్ళకూ విమానాశ్రయం లేదు. నాగార్జునసాగరం అవతలి గట్టున విజయపురి సౌత్ దగ్గర విమానం దిగే బాట ఒకటి ఉన్నది కాని, టిక్కెట్టు కొనుక్కొని ఎక్కే ప్రయాణీకుల కోసం కాదు. పాలమూరు జిల్లా దేవరకద్ర దగ్గర విమానాశ్రయం కట్టాలనే ప్రతిపాదన వినవచ్చింది. ప్రతిపాదన మీద విమానం దిగదు కదా! అంచేత ఉభయులకూ శంషాబాదే గతి. లెక్క చెప్పే యంత్రం శంషాబాదు నుంచి శంషాబాదుకు కొలిచి, సున్నా అన్నది. అది చెప్పింది అబద్ధం కాదు. దానికి నల్లగొండ తెలియదు, పాలమూరు తెలియదు, విమానాశ్రయాలే తెలుసు.

సాయంత్రం మా భూగోళశాస్త్రం అధ్యాపకుణ్ణి పట్టుకొని, అసలీ విమాన దూరమంటే ఏమిటో చెప్పమన్నాను. ఆయన తన సంచిలోంచి ఒక బత్తాయిపండు తీశాడు. నల్లగొండలో ఏ సంచిలో చెయ్యిపెట్టినా బత్తాయి దొరుకుతుంది. దానికి రెండు చోట్ల గుండుసూదులు గుచ్చి, మధ్య దారం బిగలాగి కట్టాడు. “ఇదే విమాన దూరం. భూమి బల్లపరుపుగా లేదు కనక, పటం మీద స్కేలు పెట్టి గీసిన గీత పనికిరాదు. ఈ పండు మీద దారం ఎలా పడిందో, అదే అతి దగ్గరి దారి” అన్నాడు.

ఆ తరువాత ఆయన చెప్పిన సంగతి నాబోటివాడికి కూడా అర్థమైంది. మీ పిల్లలచేత కూడా చేయించండి. విమానం నడిపేవాళ్ళ మైలు మన పాత మైలు కాదు. అది 1,852 మీటర్లు. ఆ విచిత్రమైన అంకె ఎక్కడినుంచి వచ్చిందంటే, ఉత్తర దక్షిణాలుగా భూమిమీద ఒక డిగ్రీని 60 నిమిషాలుగా విభజిస్తే, ఒక్కొక్క నిమిషం సుమారు ఒక మైలు. ఢిల్లీ విమానాశ్రయం 28 డిగ్రీల 34 నిమిషాల అక్షాంశం మీద ఉన్నది. శంషాబాదు 17 డిగ్రీల 14 నిమిషాల మీద ఉన్నది. తీసివేస్తే 11 డిగ్రీల 20 నిమిషాలు. అంటే 680 నిమిషాలు. అంటే 680 మైళ్ళు. కిలోమీటర్లలో సుమారు 1,260. ఢిల్లీ మనకు ఇంచుమించు నిట్టనిలువుగా ఉత్తరాన ఉండడం వల్ల ఈ లెక్క ఇంత సుళువుగా తేలింది. విశాఖపట్నం తూర్పుకు ఉన్నది కనక దానికి ఈ కిటుకు పారదు. అక్కడికి దారం పొడుగు సుమారు 510 కిలోమీటర్లు.

“మరి గంటకు 800 కిలోమీటర్లు పోయే విమానం ఢిల్లీనుంచి గంటన్నర దాటగానే దిగిపోవాలి కదా? టిక్కెట్టు మీద రెండు గంటల పదిహేను నిమిషాలని ఎందుకు వేస్తారు?” అని అడిగాను. మా తమ్ముడు ఢిల్లీలో ఉంటాడు కనక ఆ సంగతి నాకు తెలుసు.

“విమానం దారం మీద పోదు మాస్టారూ. చక్రాలకింద పెట్టిన అడ్డుమొద్దులు తీసింది మొదలు, దిగి మళ్ళీ మొద్దులు పెట్టేవరకూ వేసే లెక్క అది. నేలమీద బారులు తీరి నిలబడాలి, పైకెక్కాలి, ఆకాశంలో ఏర్పరచిన బాటల వెంట వంకర్లు తిరగాలి, దిగేముందు వంతు వచ్చేదాకా ఆగాలి. పైగా గాలి ఒకటి” అన్నాడు. మన దేశం నుంచి దుబాయి వెళ్ళేవాళ్ళకు ఎదురుగాలి, వచ్చేవాళ్ళకు తోడుగాలి. హైదరాబాదునుంచి 2,550 కిలోమీటర్ల పైచిలుకు. పోవడానికి నాలుగు గంటలైతే, రావడానికి అరగంట తక్కువ పడుతుంది. తమాషా ఏమిటంటే, గడియారం చూస్తే అంతా తారుమారు. అక్కడి గడియారం మనకన్నా గంటన్నర వెనక. ఇక్కడ పదింటికి ఎక్కినవాడు అక్కడ పన్నెండున్నరకు దిగుతాడు; అక్కడ పదింటికి ఎక్కినవాడు ఇక్కడ మూడింటికి దిగుతాడు. పోయేటప్పుడు రెండున్నర గంటలలోనే పోయినట్టు, వచ్చేటప్పుడు అయిదు గంటలు పట్టినట్టు కనిపిస్తుంది. బతుకుతెరువుకు ఎడారిదేశం పోయిన మనవాళ్ళకు మాత్రం ఇంటికి వచ్చే దారే పొడుగని గడియారం ఎందుకు చెబుతుందో!

ఇల్లాగ నేను దూరాల మీద పండితుణ్ణయి ఇంటికి వచ్చి, మా ఆవిడకు కూడా బత్తాయి, దారం పాఠం చెప్పాను. ఆవిడ అంతా విని, “ఏమండీ, అదంతా సరే. ఇక్కణ్ణుంచి విజయవాడ విమానంలో పోతే ఎంతసేపు?” అన్నది. అక్కడ వాళ్ళ అక్కగారు ఉంటారు. హైదరాబాదు నుంచి గన్నవరానికి దారం పొడుగు సుమారు 265 కిలోమీటర్లు, ప్రయాణం గంట అని గంభీరంగా చెప్పాను. ఆవిడ పటం తెచ్చి, శంషాబాదుకూ గన్నవరానికీ గీత గీయమన్నది. గీశాను. గీత మా నల్లగొండ పక్కనుంచి, సరిగ్గా మిర్యాలగూడ మీదుగా పోయింది!

“అంటే, ఇక్కణ్ణుంచి వంద కిలోమీటర్లు పడమరకు పోయి, అక్కడ రెండు గంటలు కూర్చొని, విమానమెక్కి, మళ్ళీ మన డాబా మీదుగా విజయవాడ పోవాలన్నమాట. నేను బస్సులోనే పోతాను” అని పటం మడిచేసింది. అక్షాంశాలు తెలియని మనిషి. అయినా లెక్కలో తప్పు లేదు.

ఇది బుధవారం సంగతి. శుక్రవారం రాత్రి పదిన్నరకు పాలమూరునుంచి అమ్మ ఫోను చేసింది. నాన్న పెరట్లో కళ్ళు తిరిగి పడ్డాడట. పక్కింటి డాక్టరుగారు వచ్చి చూశారు, సూది వేశారు, నిద్రపోతున్నాడు. “ఏం భయం లేదంట బిడ్డా. ఇంత రాత్రి ఆగమాగం రాకు. తెల్లారినంక నిమ్మళంగ రా” అన్నది. ఢిల్లీలో తమ్ముడికీ ఇదే చెప్పిందట.

నల్లగొండకూ పాలమూరుకూ మధ్య దారం వేస్తే 140 కిలోమీటర్లు. విమానానికి పది నిమిషాల పని. నాకు ఎంత పని అన్నది వినండి. దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా దగ్గరి దారి ఉన్నది. 167వ నంబరు జాతీయ రహదారి అటే పోతుంది. కాని సొంత బండి లేనివాడు బస్సులు మారాలి. ఒకటి తప్పితే రెండోది ఎప్పుడో తెలియదు. రైలు మాట చెప్పనే అక్కరలేదు. మా రైలు దారి బీబీనగరుకు పోతుంది, వాళ్ళ రైలు దారి సికింద్రాబాదుకు పోతుంది. రెండూ ఎక్కడా మొహం మొహం చూసుకోవు. అంచేత ముక్కు ఏదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు, హైదరాబాదు పోయి పాలమూరు పోవడమే మా అలవాటు. అటు వంద, ఇటు వంద.

తెల్లవారుజామున అయిదింటి మొదటి బస్సు ఎక్కాను. ఏడున్నరకు హైదరాబాదు. ఎనిమిదింటికి పాలమూరు బస్సు. ఎనిమిది యాభైకి శంషాబాదు. కిటికీలోంచి విమానాలు దిగుతూ ఉంటే చూశాను. 2008 మార్చి 23 వరకూ ఈ విమానాలన్నీ బేగంపేటలో దిగేవి. 1946లో నిజాము ప్రభుత్వం వాటాతో డెక్కన్ ఎయిర్‌వేస్ విమానాలు ఎగిరింది కూడా ఆ బేగంపేట నుంచే. అప్పుడు పాలమూరు మనిషి విమానం ఎక్కాలంటే ఊరంతా దాటి అవతలికి పోవాలి. శంషాబాదు తెరవగానే ఆ ఊరు ఒక్క రాత్రిలో ఢిల్లీకి గంట దగ్గరైంది. నల్లగొండ మాత్రం ఉన్నచోటనే ఉన్నది. ఇల్లాగ ఆలోచించుకుంటూ, షాద్‌నగరులో టీ తాగి, పదకొండింటికి ఇల్లు చేరాను.

గుమ్మంలో ఢిల్లీ చెప్పులు ఉన్నాయి.

తమ్ముడు నాన్న మంచం మీద కూర్చొని బత్తాయి రసం తాగిస్తున్నాడు. “ఎప్పుడొచ్చినవురా?” అన్నాను. “పదింటికే వచ్చిన అన్నా. గంటసేపయింది” అన్నాడు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని నవ్వబోయాను కాని, నవ్వు రాలేదు. 1,260 కిలోమీటర్ల అవతలి కొడుకు ముందు వచ్చాడు. 140 కిలోమీటర్ల ఇవతలి కొడుకు వెనక వచ్చాడు. లెక్క చూసుకుంటే, షాద్‌నగరులో నేను టీ తాగుతూ ఉండగా వాడి టాక్సీ నా బస్సును దాటిపోయింది.

“నీకేమిరా, విమానం ఉన్నది” అన్నాను. నా తప్పు విమానం మీద పెట్టాలని కాబోలు.

వాడు ఏమీ అనలేదు. అమ్మే అన్నది, “పాపం, చిన్నోడు రాత్రి పండనే లేదంట. మూడు గొట్టంగనే ఇల్లు ఇడిసిండంట” అని.

అప్పుడు కూర్చొని లెక్క వేశాను. వాడు ఇల్లు విడిచింది మూడింటికి. ఆరింటికి విమానం, ఎనిమిదింబావుకు శంషాబాదు, అక్కణ్ణుంచి రోడ్డు మీద 80 కిలోమీటర్లు, పదింటికి ఇల్లు. మొత్తం ఏడు గంటలు. అందులో విమానం పాలు రెండుంబావు. నేను ఇల్లు విడిచింది నాలుగున్నరకు, చేరింది పదకొండుకు, ఆరున్నర గంటలు. గంటల లెక్కన నేనే అరగంట దగ్గర. మరి వాడు ముందు ఎందుకు వచ్చాడు? విమానం వాణ్ణి ముందు తేలేదు. వాడు ముందు లేచాడు. అమ్మ తెల్లారి రమ్మన్నప్పుడు, దూరమున్నవాడు రాత్రే టిక్కెట్టు కొన్నాడు. దగ్గరున్నవాడు గడియారానికి అలారం పెట్టి నిద్రపోయాడు.

ఇంకొక లెక్క కూడా అప్పుడే తేలింది. ఉగాది తరువాత నేను ఆ గుమ్మం తొక్కలేదు. పరీక్షలన్నాను, పేపర్లు దిద్దాలన్నాను, ఎండలన్నాను, వానలన్నాను. “దగ్గరే కదా, ఎప్పుడైనా పోవచ్చు” అన్నాను. ఆ ‘ఎప్పుడైనా’ అనే మాట అయిదు నెలలు పట్టింది. ఈలోగా తమ్ముడు ఈసారి కాక రెండుసార్లు వచ్చి పోయాడు. వాడు రెండు నెలల ముందే టిక్కెట్టు కొంటాడు. డబ్బు పోసి కొన్న ప్రయాణాన్ని ఎవడూ వాయిదా వెయ్యడు. కొనని ప్రయాణం వాయిదా పడుతూనే ఉంటుంది.

మధ్యాహ్నం నాన్న లేచి, దిండుకు ఆనుకొని కూర్చున్నాడు. మా ఇల్లు బస్సులు పోయే రోడ్డు మీదనే. ఆయనతో నేను నా బత్తాయి, దారం సంగతులన్నీ చెప్పాను. సున్నా కిలోమీటర్ల ముచ్చట చెబితే బాగా నవ్వాడు. నవ్వి, కిటికీ వంక చూస్తూ అన్నాడు:

“నాకు గా లెక్కలు తెల్వయి బిడ్డా. ఆకాశంల ఇమానం చప్పుడైతే, చిన్నోడొస్తున్నడేమో అని చూస్త. రోడ్డు మీద బస్సు ఆగితే, నువ్వొస్తున్నవేమో అని చూస్త. ఇమానాలు దినానికి నాలుగో అయిదో. బస్సులు... గంటకు గన్ని.”

ఆయన నిష్ఠూరంగా అనలేదు. ఉన్న సంగతి అన్నట్టే అన్నాడు. నేను లేచి మంచినీళ్ళ వంకతో లోపలికి పోయాను.

దూరమున్న కొడుకుకోసం రోజుకు నాలుగైదుసార్లు తల ఎత్తి చూసేవాళ్ళు, దగ్గరున్న కొడుకుకోసం నలభైసార్లు తల తిప్పి చూస్తారని నాకు ఏ భూగోళశాస్త్రం చెప్పలేదు. విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి కొలిచే యంత్రం మీద నాకిప్పుడు కోపం లేదు. దాని పని అది చేసింది. గడపనుంచి గడపకు కొలుచుకోవలసిన పని మనది.

మీరూ ఒక పని చేసి చూడండి. ఒక కాగితం మీద మీవాళ్ళందరి పేర్లూ రాయండి. పక్కన ఎన్ని కిలోమీటర్లో రాయండి. దాని పక్కన ఇల్లు విడిచింది మొదలు ఇల్లు చేరేదాకా ఎన్ని గంటలో రాయండి. ఆ పక్కన ఆఖరిసారి చూసి ఎన్ని రోజులైందో రాయండి. నేను రాశాను. మొదటి వరుసలో అన్నిటికన్నా చిన్న అంకె ఎవరికి ఉన్నదో, ఆఖరి వరుసలో అన్నిటికన్నా పెద్ద అంకె వారికే ఉన్నది. మీ కాగితం నాదానికన్నా మేలుగా ఉంటే సంతోషం.

నాన్న కోలుకున్నాడు. పెరట్లోకి చేతికర్ర పట్టుకొని పోతున్నాడు. తమ్ముడు ఆదివారం సాయంత్రం విమానానికి పోయాడు. వాణ్ణి శంషాబాదు దాకా దిగబెట్టి నేను బస్సు మారాను. సోమవారం క్లాసులో ఆ పిల్లవాడు, “సార్, సున్నా దూరం పోయొచ్చిండ్రా?” అన్నాడు. పోయి వచ్చాను నాయనా, చాలా దూరమే ఉన్నది అన్నాను. వాడికి అర్థం కాలేదు. కాకపోవడమే మంచిది.

ఆ సాయంత్రమే బస్‌స్టాండుకు పోయి, వచ్చే రెండో శనివారానికి హైదరాబాదు నుంచి పాలమూరు బస్సులో ముందుగానే సీటు రిజర్వు చేయించాను. కౌంటరులో అతను నన్ను ఎగాదిగా చూసి, “మాస్టారూ, ఆ బస్సులు గంటకు ఎన్నో పోతుంటాయి. దీనికి రిజర్వేషను ఎందుకండీ?” అన్నాడు.

అందుకే అన్నాను.